డెబ్బై నాలుగు నిమిషాలకు హద్దురాళ్లు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది పాలు పోసిన ఆనపకాయ కూర, మజ్జిగన్నం. తేదీ గుర్తుండిపోవడానికి కారణం కూరే. మా ఆవిడ వరహాలు పోయిన ఈ రెండేళ్లలో నా క్యారియర్‌లో ఉండేది కూర కాదు, కూర పేరుతో నేను చేసిన తప్పు. ఆ రోజు పొద్దున్న పక్కవాటా ఆవిడ గిన్నెతో వచ్చి, "ఎక్కువైపోయిందండీ, పారబొయ్యలేక" అని అబద్ధమాడి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. అలాంటి అబద్ధాల మీదే నేను నెట్టుకొస్తున్నాను.

ఆఖరి ముద్ద నోట్లో ఉండగా మైలపల్లి నూకరత్నం మా ఆఫీసులోకి వచ్చింది.

మా ఆఫీసు పేరు శబ్ద నమోదు మండలి. ఎక్కడో ఒక సభలో ఎవరూ పెట్టని పాట మైకులో మోగిందట. ఎవరిదని అడిగితే అందరూ తమది కాదన్నారట. సొంతదారు లేని శబ్దం పాలనకు ప్రమాదకరమని ప్రభుత్వం వెంటనే గ్రహించింది. జనం గుమిగూడే హాళ్లలో మోగే ప్రతి పాటా నమోదు కావాలనీ, మార్చి ముప్పై ఒకటిలోగా ధ్రువపత్రం చూపించని హాళ్లకు సీలు వేయాలనీ ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు కోసం మండలి, మండలి కోసం కుర్చీలు, కుర్చీల కోసం మేమూ ఏర్పడ్డాం.

మా సంచాలకులు వైకుంఠరావుగారు ముప్పై ఏళ్లు భూముల సర్వే శాఖలో పనిచేసి డిప్యుటేషన్ మీద మా దగ్గరికి వచ్చారు. సంగీతంలో ఆయన అనుభవం ఏమిటని ఆఫీసులో ఎవరూ అడగలేదు. అడిగితే ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకోవాల్సి వస్తుంది. నేను అంతకుముందు పశుసంవర్ధక శాఖలో సూపరింటెండెంటుని.

నూకరత్నానికి ఇరవై ఆరేళ్లుంటాయి. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో పెన్‌డ్రైవ్, ముఖంలో పొద్దుట్నించి నాలుగు కిటికీలు తిరిగిన అలసట.

"ఏ పాటమ్మా?" అన్నాను చెయ్యి కడుక్కుని.

"పాట కాదండి. మిక్స్ ఆల్బమ్. డీప్ హౌస్, మినిమల్ టెక్నో. పదకొండు ట్రాకులు, డెబ్బై నాలుగు నిమిషాలు."

"అంటే ఎలా ఉంటాయమ్మా అవి?"

"డీప్ హౌస్ అంటే గుండె కొట్టుకున్నట్టు ఒకే దరువు మీద నిదానంగా నడుస్తాదండి. మినిమల్ టెక్నో అంటే చాలా తక్కువ సరుకుతో చాలాసేపు నడిపించడం."

"ఆ రెండోది మా శాఖకు కొత్త కాదులే" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. మా ఆఫీసులో దరఖాస్తుదారు నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

నమూనా నాలుగు అనే ఫారం తీసి ఇచ్చాను. గాయకుని పేరు, రాగం, తాళం, సాహిత్యం మూడు ప్రతులు. ఆమె అన్నిటికీ ఎదురుగా 'లేదు' అని రాసింది.

"సాహిత్యం లేదంటే కుదరదమ్మా. ఆ లేనిదానికే మూడు ప్రతులు తీసి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ చేయించి తేవాలి."

"లేనిదాన్ని ఆయన చూసి సంతకం పెడతారాండి?"

"ఉన్నదాన్ని చూసి ఎవరు పెడుతున్నారు?"

మర్నాడే తెచ్చింది. మూడు తెల్లకాగితాలు, మూడింటి కిందా 'అసలుతో సరిచూడబడినది' అన్న ముద్ర.

కాగితాలు పెట్టుకుంటూ అడిగితే అసలు సంగతి చెప్పింది. హార్బరు వెనక మూతబడిన ఐస్ ఫ్యాక్టరీ ఒకటుంది. వాళ్ల నాన్న ఎర్రయ్య అందులో ముప్పై ఒక్కేళ్లు కంప్రెసర్ నడిపాడు. యజమాని తాళాలు ఆయనకే అప్పగించి వెళ్లిపోయాడు. ఆ హాల్లో ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ఈ పిల్ల వాయిస్తుంది. వలలు అల్లేవాళ్లు, చేపల ఎగుమతి కంపెనీలో రొయ్యలు ఒలిచే అమ్మాయిలు, నర్సింగు విద్యార్థినులు వచ్చి ఆడి వెళ్తారు. మిషను ఆగిపోయే ముందు దాని చప్పుడు రికార్డు చేసి ఉంచుకుంది. పదకొండు ట్రాకుల అడుగునా నడిచే దరువు అదే.

"సీలు పడిపోతే మా అయ్యకి వెళ్లడానికి చోటు లేదండి. ఆగిపోయిన మిషనుని రోజూ పొద్దున్నే తుడిచి వస్తాడు. తుడవకపోతే ఆ పూట అన్నం తినడు."

నియమం ప్రకారం పరిశీలకుడు పాటలు విని, ఒక్కొక్కటీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నమూనా తొమ్మిదిలో రాయాలి. పరిశీలకుణ్ని నేనే. పెన్‌డ్రైవ్ ఇంటికి పట్టుకెళ్లి, పెన్సిల్ పట్టుకుని, మొదటి ట్రాకు ఎప్పుడు ముగుస్తుందా అని కూర్చున్నాను. పెన్సిల్ అలాగే ఉంది. చూసేసరికి మూడో ట్రాకులో ఉన్నాను. మళ్లీ మొదటినించి పెట్టాను. ఈసారి ఐదోదాంట్లో తేలాను.

వరహాలు పని చేసుకుంటూ సన్నగా ఏదో కూనిరాగం తీసేది. ఏ రోజు మానేసిందో నాకు తెలీదు. ఆ రాగం ఇంకా ఉందనే అనుకుంటూ ఉన్నాను చాలా రోజులు. ఆ డెబ్బై నాలుగు నిమిషాలు అయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది. నేనే లేచి మళ్లీ వెచ్చబెట్టుకున్నాను. అలా చేసి ఎన్నాళ్లయిందో.

నమూనా తొమ్మిదిలో ఇలా రాశాను: "ట్రాకులు ఎచ్చట ముగిసినవో పరిశీలకునికి తెలియరాలేదు. పరిశీలకుని చెవులు సక్రమముగానే ఉన్నవి."

వైకుంఠరావుగారు ఫైలు చూసి నన్నూ నూకరత్నాన్నీ పిలిపించారు.

"ఏమమ్మా, ఒక ట్రాకు పూర్తికాకుండానే మరొక ట్రాకును ప్రవేశపెట్టుచున్నట్లు నివేదిక. వాస్తవమేనా?"

"అదేనండి పని. ఒకటి ఉండగానే రెండోది వచ్చేస్తాది. మొదటిది ఎప్పుడెళ్లిపోయిందో తెలీకూడదు. తెలిసిందంటే నేను సరిగ్గా చెయ్యనట్టే."

వైకుంఠరావుగారి కళ్లలో ముప్పై ఏళ్ల అనుభవం మెరిసింది. "ఇది దురాక్రమణ" అన్నారు.

"ఏటండి?"

"హద్దులు లేనిది ఆస్తి కాదు. ఆస్తి కానిది నమోదు కాజాలదు. నమోదు కానిది వినబడజాలదు. సన్యాసిరావుగారూ, సర్వేకు పెట్టండి."

సన్యాసిరావు అంటే నేనే. పెట్టాను.

సర్వేయర్ చిన్నంనాయుడు గొలుసు, ఎర్రరంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. శబ్దాన్ని నేల మీద పరిస్తే తప్ప కొలవలేనన్నాడు. ఫ్లెక్సీలు వేసే షాపులో ఆల్బమ్ గ్రాఫును నిమిషానికి మీటరు చొప్పున అచ్చు వేయించాం. డెబ్బై నాలుగు మీటర్ల చుట్ట వచ్చింది. మా వరండా ముప్పై మీటర్లు. అందుకని నాలుగో ట్రాకు సగంలో మెట్లు దిగింది. ఆరో ట్రాకు గేటు దాటింది. ఎనిమిది, తొమ్మిది ట్రాకులు రోడ్డు మీద పడుకున్నాయి. మిగతావి ఎదురుగా ఉన్న గిడ్డంగి ఆవరణలో సర్దుకున్నాయి. అటూ ఇటూ ట్రాఫిక్ ఆపించాం.

ఆటోవాడొకడు తల బయటపెట్టి అడిగాడు. "ఏటి బాబూ ఇది, ఎవరి గుండె పరీక్ష?"

"ఆల్బమ్‌ది" అన్నాను.

"బతికే ఉందా?"

"ప్రస్తుతానికి."

చిన్నంనాయుడు కాగితం మీద అడుగుపెట్టే ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఎందుకన్నట్టు చూశాను. "ఎవరిదో కష్టం కదండీ" అన్నాడు. నెత్తిన ఎండ మాడుతోంది. కింద తారు కాలుతోంది. ఆ మనిషి డెబ్బై నాలుగు మీటర్లూ వట్టికాళ్లతోనే నడిచాడు. నూకరత్నం పక్కనే నడుస్తూ, ఎక్కడ రెండో గీత మొదలవుతోందో, ఎక్కడ మొదటి గీత సన్నబడి మాయమవుతోందో చూపించింది. అతను ఎర్రరంగుతో గుర్తులు పెట్టాడు. సాయంత్రానికి లెక్క తేలింది. పదకొండు ట్రాకుల మధ్య పది చోట్ల ఉమ్మడి ప్రాంతం ఉంది. మొత్తం విస్తీర్ణం పంతొమ్మిది నిమిషాల నలభై సెకన్లు.

ఉమ్మడి అన్నాక పక్షాలకు నోటీసులు వెళ్లాలి. 'మూడవ ట్రాకు, కేరాఫ్ మైలపల్లి నూకరత్నం' అంటూ ఒకటి, 'నాలుగవ ట్రాకు, కేరాఫ్ మైలపల్లి నూకరత్నం' అంటూ ఇంకొకటి, ఇలా పదకొండు పంపాం. పోస్టుమాన్ పదకొండు సంతకాలు తీసుకుని, "ఇంట్లో పెళ్లేటమ్మా?" అని అడిగాడట.

విచారణ రోజున పదకొండు కుర్చీలు వేయించారు సంచాలకులు. ఏ ట్రాకు తరఫున మాట్లాడితే ఆ కుర్చీలోనే కూర్చోవాలన్నారు.

"మూడవ ట్రాకు వారు హాజరేనా?"

నూకరత్నం మూడో కుర్చీలో కూర్చుంది. "హాజరండి."

"నాలుగవ ట్రాకు ప్రవేశించిన పిదప కూడా తమరు రెండు నిమిషముల పది సెకన్ల పాటు అచ్చటనే ఉన్నట్లు సర్వే తెలుపుచున్నది. ఏల?"

"అది అప్పుడే వచ్చింది కదండి. నేను వెంటనే వెళ్లిపోతే ఒక్కతే అయిపోతాది."

"నాలుగవ ట్రాకు వారికి దీనిపై అభ్యంతరమున్నదా?"

లేచి నాలుగో కుర్చీలోకి మారింది. "లేదండి. ఆవిడుండగా వస్తేనే నాకు దారి తెలుస్తాది."

"మూడవ వారు వెడలిపోవునపుడు తమకు తెలియునా?"

నూకరత్నం మూడో కుర్చీ వైపు చూసింది. "తెలీదండి. తర్వాత ఎప్పుడో చూసుకుంటే ఉండదు."

నేను ఫైలు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాను.

"రెండు పక్షములూ కుమ్మక్కైనట్లు స్పష్టమగుచున్నది" అని సంచాలకులు రాయించారు. పదో కుర్చీ దాకా ఇదే తంతు. పదకొండో కుర్చీలోకి వచ్చేసరికి ఆ పిల్లకి ఆయాసం వచ్చింది. మా అటెండరు సింహాద్రమ్మ ఎవరూ చెప్పకుండానే మంచినీళ్ల గ్లాసు తెచ్చి పదకొండో ట్రాకు చేతిలో పెట్టింది.

మార్చి పదిహేడున తీర్పు వచ్చింది. ఉమ్మడి ప్రాంతం ఇద్దరిదీ అనుకున్నా ఏ ఒక్కరూ తన పేరిట రుజువు చేసుకోలేదు గనక అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిది ప్రభుత్వానిది. అందుచేత పంతొమ్మిది నిమిషాల నలభై సెకన్లనూ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ప్రభుత్వ స్థలమన్నాక బోర్డు పాతాలి. శబ్దంలో మేకు దిగదు గనక బోర్డును కూడా శబ్దంలోనే పెట్టాలని సంచాలకులు నిర్ణయించారు. పది చోట్లా ఆయన కంఠం వినిపించాలి: "హెచ్చరిక! ఈ శబ్దము ప్రభుత్వమునకు చెందినది. ఇందు ప్రవేశించువారు శిక్షార్హులు." అలా చేరిస్తే ధ్రువపత్రం. లేకపోతే సీలు.

గొంతు కోసం ఆయన రెండు రోజులు మిరియాల పాలు తాగారు. గదిలోంచి 'హెచ్చరిక' అని పదిరకాలుగా వినబడేది. కోపంతో ఒకసారి, జాలితో ఒకసారి, దగ్గుతో ఒకసారి.

ఉత్తర్వు అందుకుని నూకరత్నం నా బల్ల ముందు కూర్చుంది.

"సీలే వేసెయ్యమనండి బాబాయ్" అంది. అప్పటిదాకా సార్ అనేది. "ఆ మాటలు పడ్డాక అది మిక్స్ కాదు. పది చోట్ల తెగిన తాడు. అయ్య వింటే ఊరుకోడు, అది ఆయన మిషను. అయ్యకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను."

అది ఆమె వల్ల కాదని ఆమె ముఖమే చెబుతోంది. ఆల్బమ్ తెగాలి, లేకపోతే తలుపు పడాలి. మూడో దారి లేదు. చేతిలో ఇంకా పద్నాలుగు రోజులున్నాయి.

ఇంటికి వెళ్లి ఆల్బమ్ మళ్లీ విన్నాను. ఈసారి ట్రాకుల కోసం కాకుండా అడుగున నడిచే మిషను కోసం విన్నాను. ఒకటో ట్రాకులో ఉంది. పదకొండులో ఉంది. అందరి బరువూ మోస్తోంది. జాబితాలో మాత్రం దాని పేరు లేదు. మనిషై ఉంటే మా పాత ఊళ్లలో దీన్ని ఏమనేవారో నాకు తెలుసు. వైకుంఠరావుగారికి ఇంకా బాగా తెలుసు.

మర్నాడు ఫైలులో నోటు పెట్టాను:

"సమర్పించడమైనది. ప్రభుత్వ స్వాధీనములోనికి వచ్చిన ఉమ్మడి ప్రాంతమునందు కంప్రెసర్ అను శబ్దము మొదటినుండి అనుభవములో ఉన్నది. సదరు శబ్దము పదకొండు ట్రాకులలోను కూలిగా పనిచేయుచున్నను, తన పేరిట ఒక్క సెకను కూడ లేదు. కనుక ఇది స్థలము లేని నిరుపేద శబ్దము. ప్రభుత్వ స్థలమును నిరుపేదలకు పట్టాగా ఇచ్చు సంప్రదాయము తమరికి తెలియనిది కాదు. అట్లు ఇచ్చిన పక్షమున సదరు స్థలమును ఎవరును కొనరాదు, అమ్మరాదు, విడగొట్టరాదు, అందు బోర్డులు పాతరాదు. పట్టా పంపిణీకి సభ, ఫోటోలు అవసరమగును. ఉత్తర్వుల నిమిత్తము."

నోటులో నిజంగా పనిచేసింది 'ఫోటోలు' అన్న మాటేనని నా నమ్మకం. సంచాలకులు నోటు రెండోసారి చదివారు.

"సన్యాసిరావుగారూ, సర్వీసు మొత్తంలో నేను కొలవడమే గాని ఇచ్చింది లేదు" అన్నారు. ఆయన మామూలు తెలుగులో మాట్లాడగా వినడం అదే మొదలు. అంతలోనే సర్దుకుని, "లబ్ధిదారు జీవించియున్నదో లేదో విచారించవలెను" అన్నారు.

చిన్నంనాయుడూ నేనూ ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లాం. పెద్ద ఇనపతలుపు, లోపల అమ్మోనియా వాసన పాతబడి కొంచెంగా మిగిలింది. మధ్యలో నల్లగా మెరుస్తూ కంప్రెసర్ నిలబడి ఉంది. ఎర్రయ్య భుజాన గుడ్డతో దాని పక్కనే ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చెవులు కొంచెం మందగించిన మనిషి.

చిన్నంనాయుడు పైపు మీద చెయ్యి వేశాడు. "చల్లగా ఉందండి" అన్నాడు నాతో, కొంచెం బాధగా.

"ఐస్ ఫ్యాక్టరీ మిషను బాబూ" అన్నాడు ఎర్రయ్య. "బతికున్నప్పుడూ ఆ పైపు చల్లగానే ఉండేది."

చిన్నంనాయుడు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అతను విచారణ పత్రంలో రాశాడు: "లబ్ధిదారు శరీరము ఎప్పటివలెనే ఉన్నది."

మార్చి ఇరవై తొమ్మిది, శనివారం, పట్టా పంపిణీ. హాల్లో షామియానా గుడ్డ కట్టారు. వలలు అల్లేవాళ్లు, రొయ్యల కంపెనీ అమ్మాయిలు వచ్చారు. వైకుంఠరావుగారు కంప్రెసర్‌కు బంతిపూల దండ వేసి ప్రసంగించారు. "యుగయుగములుగా పరుల ట్రాకులలో శ్రమించిన ఈ శబ్దము నేటినుండి పంతొమ్మిది నిమిషముల నలభై సెకన్లకు హక్కుదారు!" జనం చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలిసి కొట్టినవాళ్లు నలుగురుంటారేమో.

రిజిస్టరులో లబ్ధిదారు సంతకం దగ్గర ఆగిపోయింది పని. మిషనుకు చేతులు లేవు.

"సంరక్షకుడు వేలిముద్ర వేయవచ్చును" అన్నాను.

ఎర్రయ్య బొటనవేలు మిషను నూనెలో అద్దుకుని రిజిస్టరు మీద ఒత్తాడు. ముప్పై ఒక్కేళ్ల నూనె. స్టాంపు ప్యాడ్ అవసరం పడలేదు. ధ్రువపత్రం నూకరత్నం చేతికి వచ్చింది. సంచాలకుల కంఠం ఎక్కడా లేకుండానే.

"పట్టాదారు శబ్దము ఎట్లుండునో ఒకమారు విని వెళ్లెదను" అన్నారాయన, ముందు వరస కుర్చీలో కూర్చుని. నాతో మెల్లగా, "మొదటి పాట అవగానే లేస్తాను. కారు వచ్చి ఉంటుంది. మధ్యలో లేవడం మర్యాద కాదు" అన్నారు.

నూకరత్నం మొదలుపెట్టింది. ఆగిపోయిన మిషను ముందు, అదే మిషను దరువు లేచింది. ఎర్రయ్య అరచెయ్యి దాని ఒంటి మీద వేసి నిలబడ్డాడు. చెవులకు అందనిది చేతికి అందుతోందేమో.

వైకుంఠరావుగారు పాట ముగియడం కోసం వేచి ఉన్నారు. పది నిమిషాలకు గడియారం చూసుకున్నారు. ఇరవై నిమిషాలకు నా వైపు చూశారు. ఇంకా అవలేదన్నట్టు తలూపాను. అరగంటకు ఆయన బూటు నేల మీద దరువు వేయడం మొదలుపెట్టింది. ఆయనకు తెలియకుండానే అనుకుంటాను, తెలిస్తే బూటుకు నోటీసు ఇచ్చేవారు. ఆడుతున్న రొయ్యల కంపెనీ అమ్మాయి ఒకతి, "రండి బాబూ" అంది. "ఇది పూర్తికానీయండి" అన్నారు గంభీరంగా. అలా పూర్తికానిస్తూ డెబ్బై నాలుగు నిమిషాలూ కూర్చున్నారు.

చప్పుడు ఆగాక లేచి అడిగారు. "సన్యాసిరావుగారూ, మొదటిది ఎప్పుడైపోయింది?"

"తెలీదండి" అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుని కారెక్కారు.

జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నూకరత్నం తీగలు చుట్టుకుంటూ, "అన్నం తిని వెళ్లండి బాబాయ్, కొరమీను పులుసు ఎక్కువైపోయింది" అంది. ఇలాంటి అబద్ధం విన్నాక కాదనకూడదని ఫిబ్రవరిలోనే నేర్చుకున్నాను. ముందు నడుస్తూ ఆమె హార్బరు కబుర్లు ఏవో చెబుతోంది. వెనక ఎర్రయ్య మిషను మెడలోంచి దండ తీసి, గుడ్డతో ఒకసారి తుడిచి, దీపం ఆర్పాడు. కాస్త దూరం వెళ్లాక వెనక్కి తిరిగి చూశాను. ఆ పెద్ద ఇనపతలుపు అప్పటికే వేసి ఉంది. ఎప్పుడు వేశాడో నాకు వినబడలేదు.